సుబ్రహ్మణ్య భారతియు గ్రంథస్వామ్యమును

కవి గీత మెవరిది? రచించిన కవిదా, ధనమిచ్చి కొన్న ప్రకాశకునిదా, కంఠస్థము చేసి పాడుకొను ప్రజలదా? క్రొత్త యంత్రము పుట్టినప్పుడెల్ల నీ ప్రశ్న మరల తలయెత్తుచున్నది. దీనికి సమాధానము వెదకువారు సుబ్రహ్మణ్య భారతి జీవితమును, ఆయన గతించిన పిదప ఆయన గీతములకు పట్టిన గతిని పరిశీలింపవలెనని మేము తలంచుచున్నాము.

భారతి 1882 డిసెంబరు 11వ తేదీన తిరునల్వేలి మండలమందలి ఎట్టయపురమున జన్మించిరి. బాల్యముననే అచ్చటి ఆస్థానమున కవితాపాటవమును జూపి భారతి యను బిరుదము నందిరి. 1904లో మదరాసు చేరి స్వదేశమిత్రన్ పత్రికలో సహాయసంపాదకులైరి. పిదప ఇండియా పత్రికను నడపిరి. 1908లో ప్రభుత్వము ఆ పత్రికపై కత్తి గట్టగా, ఫ్రెంచివారి యేలుబడిలోని పుదుచ్చేరి కేగి పదేండ్లు ప్రవాసమున గడపిరి. పాంచాలీ శపథము వంటి ఉత్తమ కావ్యములు అచ్చటనే రచింపబడినవి. 1918లో బ్రిటిషు సీమలో నడుగిడగనే కడలూరున నిర్బంధింపబడి, కొన్ని వారములకు విడుదలయైరి.

దేశమునకు పాట నిచ్చిన కవి యింట దారిద్ర్యము తాండవించినది. 1920లో తమ రచనలను 40 సంపుటములుగా, ఒక్కొక్కదానిని 10,000 ప్రతులు అచ్చొత్తించి, కిరసనాయిలువలె, అగ్గిపెట్టెలవలె ఇంటింటికి జేర్ప సంకల్పించి, మిత్రులను పెట్టుబడి యడిగిరి. తగిన సాయము లభింపలేదు. 1921 సెప్టెంబరులో మదరాసున, 38 ఏండ్ల ప్రాయముననే ఆయన కన్నుమూసిరి. తన పుస్తకము ప్రతి యింట నుండవలెను, దానివలన తన కుటుంబము బ్రతుకవలెను అను రెండు కోరికలును ఆయన కొకదానికొకటి విరుద్ధములుగా తోపలేదని పాఠకులు గుర్తింపగోరెదము.

భార్య చెల్లమ్మ గారు గ్రంథప్రకటనమునకు పూనుకొనిరి గాని, భారము మోయలేకపోయిరి. కాలక్రమమున హక్కులు కవి సవతి తమ్ముడు విశ్వనాథన్ గారు పాల్గొన్న భారతి ప్రచురాలయమునకు సంక్రమించినవి. 1928లో ప్రభుత్వము ఆ గ్రంథములను జప్తు చేయగా దేశమున గొప్ప యలజడి చెలరేగెను. 1914 నాటి చట్టప్రకారము స్వామ్యము కవి మరణానంతరము 50 సంవత్సరములు, అనగా 1971 వరకు, నిలువవలసియుండెను.

ఇంతలో గ్రామఫోను వ్యాపించినది. 1931లో తమిళమున టాకీ మాటలాడినది. కాగితముపై నున్న పాట పళ్లెరమెక్కినది, తెర కెక్కినది. ధ్వనిముద్రణపు హక్కులు వేరుగా నొక వర్తకునికి, ఆయననుండి చలనచిత్రనిర్మాత మెయ్యప్ప చెట్టియారు గారికి చేరినవి. 1947లో ఆయన నిర్మించిన నామ్ ఇరువర్ చిత్రమున పట్టమ్మాళ్ గారు పాడిన భారతి గీతములు ఊరూర మ్రోగినవి. మరి యొక చిత్రమున టి.కె.ఎస్. సోదరులు భారతి పాటను వాడగా వివాదము పుట్టెను. జాతి పాడుకొను పాటకు అనుమతి యేలయని ప్రజలు ప్రశ్నించిరి.

చెట్టియారు గారు తమ హక్కును ప్రతిఫల మాశింపక వదలుకొనిరి. 1949లో మదరాసు ప్రభుత్వము, అనగా నాడు సర్కారు, రాయలసీమ జిల్లాల ఆంధ్రులకును ప్రభుత్వమైన ఆ సర్కారే, కవి కుటుంబమునకు ధనమిచ్చి స్వామ్యమును గ్రహించినది. 1955లో ఆ రచనలు సర్వులకు విడువబడినవి. కవి కోరిన రెండును నెరవేరినవి. చూచుటకు కవి లేకపోయెను.

ఇందలి నీతి స్పష్టము. పుస్తకము నమ్మినవాడు పుట్టని యంత్రముల లాభమును గూడ నమ్మినట్లు కారాదు. ఈ న్యాయమును మన శాసనము 2012 సవరణమున అంగీకరించినది: ఒప్పందకాలమున వాడుకలో లేని సాధనములను ఒప్పందమున ప్రత్యేకముగా పేర్కొననిచో, వాని హక్కు కొన్నవానికి పోదు. అంతకు ముందు, రవీంద్రుని గ్రంథముల గడువు ముగియనున్న తరుణమున, 1992లో 50 ఏండ్లను 60 ఏండ్లుగా పెంచిరి. గడువు పొడిగించుట గతించిన కవి ఆకలిని తీర్పజాలదు. బ్రతికియున్న రచయితకు న్యాయమైన భాగ మిచ్చుటయే తీర్చును.

నేడు లక్షల గ్రంథములను జదివి వాక్యములల్లు కృత్రిమ మేధాయంత్రములు వచ్చినవి. వానిని నిషేధింపుమనువారును, అడ్డులేక విడువుమనువారును గలరు. మే మిరువురిని నొక్కటే యడుగుచున్నాము: ఈ యంత్రమువలన పాట యెందరికి చేరును? పాట కట్టినవాని యింట పొయ్యి రాజునా? ఈ రెంటికిని సమాధానము చెప్పలేని చట్టము ఎంత పొడవైనను వ్యర్థమే. 1920లో భారతి తన మిత్రుల నడిగినది యీ రెండే.