కాంతితో కాలాన్ని కొలిచిన ఎడ్జర్టన్

సూర్యాపేట, కోదాడ పెళ్ళిళ్ళలో కెమెరా ఫ్లాష్ ఒక్కసారే మెరిసినట్లుంటుంది. నిజానికి చాలా డిజిటల్ కెమెరాల్లో ముందొక చిన్న మెరుపు, వెంటనే అసలు మెరుపు వస్తాయి. కంటికందని ఇలాంటి వ్యవధులను పట్టి చూపిన శాస్త్రవేత్త హెరాల్డ్ ఎడ్జర్టన్.

ఆయన 1903లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో జన్మించారు. అరోరా అనే చిన్న ఊళ్ళో పెరిగారు. సెలవుల్లో కరెంటు కంపెనీలో పనిచేశారు. 1931లో ఎం.ఐ.టి.లో డాక్టరేట్ పొందారు. మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లోలా గిరగిర తిరిగే మోటార్లపై స్ట్రోబ్ కాంతి వేసి, అవి ఆగినట్లు చూపించారు. 1964లో ఆపిల్‌ను చీల్చిన తూటాను ఫొటో తీశారు. 1990లో మరణించారు.

మిత్రులారా! ఫ్యాను రెక్కపై సుద్దగీత గీసి, చీకట్లో ఫ్లాష్ వెలిగిస్తే, షట్టర్ తెరిచి ఉంచిన మరో కెమెరాలో గీత రెండుచోట్ల పడుతుంది. నిమిషానికి 300 చుట్లు తిరిగే ఫ్యానులో ఆ రెండింటి మధ్య పావుచుట్టు ఉంటే, వ్యవధి సెకనులో 20వ వంతు. మన హాస్టల్ ఫ్యాను కూడా ప్రయోగశాలే!