అనంతగిరి నీళ్ళు, భద్రావతి ఇనుము

విశ్వేశ్వరయ్య గారి పేరు వినగానే మనకు గండిపేటే గుర్తొస్తుంది. మన వికారాబాదు అనంతగిరిలో పుట్టిన మూసీ 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచెత్తాక, నిజాం ప్రభుత్వం పిలిస్తే వచ్చి జలాశయాలకు పథకం వేసిన ఇంజనీరు అని మన సార్లు చెప్పారు. ఆ తర్వాతి కథ నేను ఉద్యోగంలో చేరాకే చదివాను.

1912లో ఆయన మైసూరు దివాను అయ్యారు. మరుసటి ఏడు బ్యాంకు, 1916లో విశ్వవిద్యాలయం, 1917లో బెంగళూరులో ఇంజనీరింగు కళాశాల వచ్చాయి. అప్పిచ్చే చోటు, పని తెలిసిన మనిషి లేనిదే ఫ్యాక్టరీ నిలవదని ఆయన లెక్క.

భద్రావతి ఇనుప కర్మాగారం 1923లో మొదలయ్యేసరికి ఇనుము ధర పడిపోయింది. మూసేయమన్నవాళ్ళూ ఉన్నారు. దివాను పదవి వదిలి అప్పటికి అయిదేళ్ళు, వయసు అరవై దాటింది. అయినా ఆ బాధ్యత తలకెత్తుకుని 1929 దాకా ఉన్నారు. మనవాళ్ళకే పని నేర్పించి నిలబెట్టారు. అందుకు తనకు రావలసిన సొమ్మును బెంగళూరులో వృత్తివిద్యా సంస్థకు ఇప్పించారు. నాకు గండిపేట కన్నా ఇదే పెద్ద పని అనిపిస్తుంది.

తాండూరులో పాలిషింగు యూనిట్ల దుమ్ములో పెరిగినవాణ్ణి నేను. పరీక్షలో కాల్షియం కార్బొనేటు అని రాశాను గాని, మా వాకిట్లో పరిచిన బండ, సిమెంటుకు పోయే రాయి అదేనని తట్టలేదు. నాతో చదివినవాళ్ళు కొందరు పది పూర్తికాకుండానే ఆ యూనిట్లలో చేరారు. వాళ్ళ మనవలు ఇప్పుడు మన బడిలోనే ఉన్నారు. సార్లు, టీచరమ్మలు ఒప్పుకుంటే వాళ్ళను ఒక పూట సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబుకు తీసుకెళ్దాం. బస్సు ఖర్చు నాది.