సమాధి వెనకవైపు నుంచి వచ్చిన పాట

మాది చంద్రగిరి. నాకు చిన్నప్పట్నుంచీ ఒక పిచ్చి ఉంది. ఎక్కడ మేళం మోగినా కాళ్ళు నిలవవు. తిరుపతి గంగమ్మ జాతరలో పలకల మోత వింటే పొయ్యి మీద పాలున్న సంగతి కూడా మరిచిపోతాను. టీవీలో వినే పాట నాకు చాలదు. పాడేవాళ్ళు ఎదురుగా కూర్చోవాలి, మృదంగం దెబ్బ వచ్చి గుండెకి తగలాలి. అదీ వినడమంటే!

ఆ పిచ్చి మా అమ్మాయికీ వచ్చింది. కాకపోతే దానిది రాక్ బ్యాండు. కాలేజీలో డ్రమ్స్ వాయిస్తానంటే తోటి మగపిల్లలు, కావాలంటే పక్కన నిలబడి కోరస్ పాడు, డ్రమ్స్ మాత్రం మాకొదిలెయ్ అన్నారట. ఇంట్లో మా అత్తేమో, ఆడపిల్ల పదిమందిలో అట్లా దబదబా బాదడమేందిమే అని నన్ను కోప్పడింది. అది అలిగి అన్నం మానేసిన రాత్రి పక్కన కూర్చుని బెంగళూరు నాగరత్నమ్మ కథ చెప్పాను. మీకూ చెప్పాలనిపించింది.

నాగరత్నమ్మ 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టింది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి. తండ్రి అండ లేదు. అయినా ఆ తల్లి ఊళ్ళు మారుతూ, ఎక్కడెక్కడి గురువుల్నో బతిమాలి బిడ్డకు సంస్కృతం, సంగీతం చెప్పించింది. బెంగళూరులో దొరికిన గురువు మునుస్వామప్ప త్యాగరాజు శిష్యపరంపరలోని వాడు. ఆ పేరు మీద భక్తి అప్పుడే పడి ఉంటుందని నా ఊహ. పదిహేనేళ్ళయినా నిండకుండానే తల్లి పోయింది. ఆ పిల్ల ఏడుస్తూ మూల కూర్చోలేదు. కొన్నాళ్ళకే కచేరీ వేదికెక్కింది.

తర్వాత మకాం మద్రాసుకు మారింది. అక్కణ్ణుంచి ఆమె తిరగని ఊరు లేదంటే నమ్మండి. తన జీవితంలో పన్నెండు వందలకు పైగా కచేరీలు చేసింది. ఏ ఊళ్ళో ఎప్పుడు పాడిందో లెక్క రాసి పెట్టుకునేది. మనం పాల లెక్క రాసుకున్నట్టు! రైళ్ళలోనూ బండ్లలోనూ తంబురా పట్టుకుని, పక్క వాద్యాలవాళ్ళను వెంటబెట్టుకుని తిరిగిన రోజులవి. హరికథలూ చెప్పేది. గ్రామఫోన్ రికార్డులిచ్చింది. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన మొదటి మహిళా కళాకారిణి ఆమేనని చెబుతారు.

తెలుగువాళ్ళం మనం ఆమెకు ఇంకో బాకీ ఉన్నాం. తంజావూరు ఆస్థానంలోని ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం అప్పటికి అచ్చయి ఉన్నా, అందులో కొన్ని భాగాలు ఎగిరిపోయాయని ఆమె కనిపెట్టింది. తాళపత్రం సంపాదించి, 1910లో వావిళ్ళవారి ద్వారా పూర్తి పుస్తకం వేయించింది. ఆడది ఇలాంటి శృంగారం రాయడమేమిటని తప్పుపట్టినవారిలో కందుకూరి వీరేశలింగం కూడా ఉన్నారు. అంతటి పెద్దాయనకు ఆమె భయపడలేదు. మగకవులు రాస్తే లేని తప్పు ఆడకవి రాస్తే ఎలా వచ్చిందని ముందుమాటలోనే నిలదీసింది. ప్రభుత్వం మాత్రం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం చొరవతో నిషేధం తొలగేసరికి చాలా ఏళ్ళు పట్టింది.

దేవదాసీ విధానాన్ని రద్దు చేయాలని ముత్తులక్ష్మీరెడ్డి పోరాడినప్పుడు నాగరత్నమ్మ ఎదురు పక్షాన నిలిచింది. ఆ వృత్తిలో ఆడపిల్లలు పడే బాధలు చూసిన ముత్తులక్ష్మిది న్యాయమే. తమ కళ, తమ ఆస్తి హక్కు రెండూ ఒక్క చట్టంతో ఊడిపోతాయన్న నాగరత్నమ్మ భయమూ ఉత్తదేం కాదు. ఇందులో ఎవరిది తప్పని తేల్చడం నా వల్ల కాదు.

ఇక అసలు కథ తిరువయ్యారులోది. త్యాగరాజు 1847లో అక్కడే కన్నుమూశాడు. కావేరి ఒడ్డున ఆయన సమాధి పాడుబడి ఉందని గురువు బిడారం కృష్ణప్ప ద్వారా ఆమెకు తెలిసింది. వెళ్ళి చూసి గుండె చెరువైంది. 1921లో ఆ స్థలం సంపాదించి, నగలు, ఇల్లు అమ్మి గుడి కట్టించింది.

గుడి కట్టింది ఆమె. మరి పాడనిచ్చారా? అదే కదా మన దేశం! అప్పటికే ఆరాధన జరిపే మగవాళ్ళు పెద్ద పక్షం, చిన్న పక్షం అని రెండుగా చీలిపోయి తగవులాడుకుంటున్నారు. ఆడవాళ్ళను పాడనివ్వకూడదన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. దేవదాసి హరికథ చెప్పడమా అని త్రోసిపుచ్చారు. 1927లో ఆమె ఆడవాళ్ళను కూడగట్టి మూడో పక్షం పెట్టింది. ముందువైపు మగవాళ్ళు పాడుతుంటే గుడి వెనకవైపు వీళ్ళు కూర్చుని పాడారు. వేదిక ఇవ్వకపోతే నేల లేదా!

ఈ మాట దగ్గర మా అమ్మాయి లేచి కూర్చుంది. అన్నం పెట్టమంది.

అలా ఏడాది కాదు, రెండేళ్ళు కాదు... పదమూడు పద్నాలుగేళ్ళు. చివరికి 1940-41లో పక్షాలన్నీ కలిశాయి. ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకేచోట పాడారు. అప్పటికి నాగరత్నమ్మకు అరవై దాటాయి. మద్రాసు వదిలేసి తిరువయ్యారులోనే ఉండిపోయింది. ఆస్తికి ట్రస్టు పెడుతూ, ఆడవాళ్ళకు అక్కడ పూజ చేసే హక్కు, పాడే హక్కు ఉండాలని వీలునామాలో షరతు రాయించింది. ముందుచూపంటే అది! 1952 మేలో కన్నుమూసింది.

నాకు తిరువయ్యారు వెళ్ళే భాగ్యం కలిగింది. పుష్య బహుళ పంచమి నాడు వందలమంది ఒక్కసారిగా పంచరత్నాలు అందుకుంటే ఒళ్ళు జలదరించింది. నా ముందు వరసల్లో ఎంతమంది ఆడవాళ్ళో! త్యాగరాజు తిరుపతి వెళ్తూ మన పుత్తూరులో బావిలో పడిన మనిషిని పాటతో బతికించాడని చెబుతారు కదా, ఆ రోజు అక్కడ కూర్చుంటే ఆ కథ నమ్మాలనిపించింది.

ఇప్పుడు ఆదివారాలు మా మిద్దె మీద గదిలో నలుగురు ఆడపిల్లలు చేరుతున్నారు. ఒకరిది గిటారు, ఒకరిది కీబోర్డు, ఒకరు పాడతారు, మాది డ్రమ్స్. పాత డ్రమ్స్ సెట్టు కంతుల మీద కొన్నాం. మా అత్త చెవుల్లో దూది పెట్టుకుని కింద వరండాలో కూర్చుంటుంది. తాళం తప్పినప్పుడు మాత్రం తల అడ్డంగా ఊపుతుంది.

నాగరత్నమ్మ సమాధి త్యాగరాజు సన్నిధికి దగ్గర్లోనే ఉంది. అక్కడి శిల్పంలో ఆమె ఆయన వైపే చూస్తూ కూర్చుని ఉంటుంది.