హన్నా వంటి తల్లి, సమూయేలు వంటి కుమారుడు



సండూరు గనుల ప్రాంతములో స్థిరపడిన మన పిల్లలు బడిలో కన్నడం చదువుతున్నారు. తెలుగు బైబిలు తెరిచి చదవలేని బిడ్డలను చూసినప్పుడు మేము కలత చెందుతున్నాము. ఈ సమయములో బిషప్ అజరయ్య గారి జీవితమును జ్ఞాపకము చేసికొందాము.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతములోని వెల్లాలన్‌విలై గ్రామములో జన్మించారు. తండ్రి ఆ ఊరి పాదిరి. కుమారుని కొరకు ఏళ్ళ తరబడి ప్రార్థించిన తల్లి ఎలెన్ గారు, హన్నా వలెనే, బిడ్డకు సమూయేలు అని పేరు పెట్టారు. ఆమె భక్తిలో, క్రమశిక్షణలో ఆయన పెరిగారు.

1909లో తమిళ సీమ విడిచి దోర్నకల్ వచ్చారు. తెలుగు నేర్చుకొని పల్లెల్లో పేదల మధ్య సువార్త ప్రకటించారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో, ఆంగ్లికన్ సంఘములో తొలి భారతీయ బిషప్‌గా అభిషేకము పొందారు. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు.

సంఘము వేరైనా ఆయన జీవితము మనకు పాఠమే. పరాయి భాషను ఆయన పెద్దయ్యాక నేర్చుకొన్నారు. విశ్వాసమును మాత్రము తల్లి ఒడిలో, ఇంటి భాషలోనే నేర్చుకొన్నారు. కాబట్టి తల్లిదండ్రులారా, భారమంతా సండే స్కూలు మీదనే వేయవద్దు. రాత్రి భోజనమునకు ముందు పిల్లలతో ఒక పాట పాడించి, ఒక వాక్యము తెలుగులో చెప్పించుదాము.