తాండ్ర పాపారాయుడు

ఉభయ పక్షాల బలాబలాలను లెక్కించి యుద్ధ ఫలితాన్ని ముందుగా ఊహించడం రాజనీతిలో ప్రాచీనమైన విద్య. అయితే కురుక్షేత్రంలో 11 అక్షౌహిణుల కౌరవసేన 7 అక్షౌహిణుల పాండవసేన చేతిలో ఓడింది. ఆధునిక కాలంలో లాంచెస్టర్ అనే ఆంగ్ల ఇంజనీరు ఈ విద్యకు గణితరూపం కల్పించాడు. దూరం నుండి గురిపెట్టే ఆయుధాలు గల సేనలు సమాన నైపుణ్యంతో పోరాడితే, సంఖ్య రెట్టింపైన పక్షానికి బలం నాలుగింతలవుతుందని అతడు 1916లో వివరించాడు. నేటి కంప్యూటర్ యుద్ధక్రీడలలో గెలుపోటములను అంచనా వేయడానికి ఇటువంటి సూత్రాలను కూడా ఉపయోగిస్తారు. అటువంటి లెక్కకు అందని వీరుడు తాండ్ర పాపారాయుడు.

18వ శతాబ్దంలో కళింగపట్నం రేవు గల శ్రీకాకుళం సర్కారులో విజయనగరం, బొబ్బిలి సంస్థానాల మధ్య తీవ్రమైన వైరం ఉండేది. వెలమ వీరుడైన పాపారాయుడు బొబ్బిలి ప్రభువు రంగారావుకు బావమరిది, రాణి మల్లమ్మదేవికి సోదరుడు. అతడు రాజాంలో ఉంటూ ఆ ప్రాంతాన్ని సంరక్షించేవాడు.

1757 జనవరి 24న విజయనగర ప్రభువు పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ సహాయంతో బొబ్బిలి కోటను ముట్టడించాడు. అప్పుడు పాపారాయుడు కోటలో లేడు. ఒకవైపు ఫిరంగులు, శిక్షణ పొందిన సైన్యం. మరొకవైపు మట్టికోట, కొద్దిమంది యోధులు. ఫలితం ఎవరైనా ఊహించగలిగినదే. ఆ ఊహ తప్పలేదు. ఒక్కరోజులోనే కోట కూలింది. కాని బొబ్బిలి వీరులు లొంగిపోలేదు. శత్రువుకు చిక్కరాదని తమ స్త్రీలను, పిల్లలను తామే కడతేర్చి, పోరాడి మరణించారు. రంగారావు నేలకొరిగాడు. అతని పసికుమారుడు మాత్రం ప్రాణాలతో బయటపడ్డాడు.

ఆలస్యంగా వార్త తెలిసి వచ్చిన పాపారాయుడికి శవాల గుట్టలే ఎదురయ్యాయని జానపద గాథలు చెబుతాయి. మూడవ నాటి రాత్రి అతడు శత్రు శిబిరంలో చొరబడి, గుడారంలో ఉన్న విజయరామరాజును సంహరించి, తానూ ప్రాణం విడిచాడని ఆ గాథల కథనం. గెలిచిన ప్రభువు ఆ గెలుపును నాలుగు దినాలైనా అనుభవించలేకపోయాడు.

బొబ్బిలి యుద్ధభూమిలో 1891లో స్మారక స్తంభాన్ని నెలకొల్పారు. బుర్రకథలు నేటికీ పాపారాయుని శౌర్యాన్ని గానం చేస్తున్నాయి. అయితే అతని శౌర్యం కూలిన కోటను నిలబెట్టలేదు, మరణించిన పసివారిని బ్రతికించలేదు. ఎవరు గెలుస్తారో గణితం చెప్పగలదు. ఆ గెలుపుకు ఎవరెవరు ఎంత మూల్యం చెల్లించాలో చెప్పలేదు. పాపారాయుని జీవితం నుండి మనం గ్రహించవలసిన సత్యమిదే.