జి.డి.నాయుడు

జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడైన గోపాలస్వామి దొరస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త, దాత. ఇతని మాతృభాష తెలుగు. ప్రాథమిక విద్య దాటని ఇతడు ఒక మోటారు సైకిలును విప్పి, తిరిగి బిగించడంతో యంత్రవిద్య నేర్చుకున్నాడు. తరువాత దక్షిణ భారతదేశంలో పేరెన్నికగన్న బస్సుల సంస్థను స్థాపించాడు. ఎన్నో పరికరాలను రూపొందించాడు. ఇతనిని భారతదేశపు ఎడిసన్ అని పిలుస్తారు. అయితే ఎడిసన్ ఆవిష్కరణలు ఇంటింటికీ చేరాయి, నాయుడు తయారుచేసినవి చాలావరకు ప్రదర్శనశాలకే పరిమితమయ్యాయి. ఈ తేడాకు కారణం అతని ప్రతిభలో లోపం కాదని అతని జీవితం చూస్తే తెలుస్తుంది.

బాల్యము

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. కొంగునాడులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో వీరిది ఒకటి. ఇటువంటి కుటుంబాలు ఇంట తెలుగు, బయట తమిళం మాట్లాడుతూ వచ్చాయి. పసితనంలోనే తల్లి మరణించింది. బడి చదువుపై అతనికి ఆసక్తి కుదరలేదు. ఉపాధ్యాయులపై ఇసుక చల్లి పారిపోయేవాడని చెప్పుకుంటారు. చివరకు తండ్రి అతనిని పొలం పనులకు పెట్టాడు. చదవడం మాత్రం మానలేదు. చేతికందిన పుస్తకమల్లా స్వయంగా చదువుకునేవాడు.

మోటారు సైకిలు

ఇరవై ఏళ్ళ ప్రాయంలో ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి నడుపుతున్న రడ్జ్ మోటారు సైకిలు నాయుడు కంటబడింది. ఎద్దు గాని, గుర్రం గాని లేకుండా తనంతట తాను కదిలే బండిని ఆ పల్లెలో అంతకుముందు చూసినవారు అరుదు. దానిని ఎలాగైనా సొంతం చేసుకోవాలని ఊరు విడిచి కోయంబత్తూరు చేరాడు. అక్కడ హోటలులో సర్వరుగా చేరి, సుమారు మూడేళ్ళపాటు జీతం కూడబెట్టి, కొన్ని వందల రూపాయలకు ఆ బండినే కొన్నాడు. అంత కష్టపడి సంపాదించిన బండిపై ఊరేగక, దానిని మరకు మర విడదీసి నేలపై పరచుకున్నాడు. విడదీసిన దానిని మళ్ళీ బిగించాడు. అలా పలుమార్లు చేసి మెకానిక్ అయ్యాడు.

రడ్జ్ విట్‌వర్త్ ఇంగ్లండులోని కోవెంట్రీ నగరపు సంస్థ. సైకిళ్ళ తయారీలో పేరుపొంది, 1911లో మోటారు సైకిళ్ళ అమ్మకం ప్రారంభించింది. నాయుడు కొన్నది 1912 నాటి బండి. ఆ కాలపు రడ్జ్ బండ్లలో ఇంజను శక్తి వెనుక చక్రానికి గొలుసు ద్వారా కాక బెల్టు ద్వారా చేరేది. బెల్టు తడిసినా, నూనె అంటినా, సాగినా పట్టు జారుతుంది. ఇంజను వేగంగా తిరుగుతుంది, బండి మాత్రం ముందుకు సాగదు. అటువంటి బండిని విప్పి బిగించేవానికి తెలిసివచ్చే మొదటి పాఠం ఇదే: శక్తి పుట్టడం ఒక ఎత్తు, అది చక్రం దాకా చేరడం మరొక ఎత్తు.

తరువాతి కాలపు బండ్లలో ఇదే లోపం క్లచ్ దగ్గర కనిపిస్తుంది. క్లచ్‌లో ఇంజనుతో తిరిగే ప్లేట్లు, గేరుపెట్టెతో తిరిగే ప్లేట్లు ఒకదాని తరువాత ఒకటిగా పేర్చి ఉంటాయి. స్ప్రింగుల ఒత్తిడి వలన అవి అతుక్కుని కలిసి తిరుగుతాయి. ఆ ఒత్తిడి చాలనప్పుడు పట్టు జారుతుంది. చదునైన దారిలో ఇది సులభంగా బయటపడదు. నంద్యాల నుండి ఆళ్ళగడ్డ దాకా మామూలుగా నడిచిన పాత బుల్లెట్టు, ఆళ్ళగడ్డ దాటి ఎగువ అహోబిలం ఎత్తు ఎక్కేటప్పుడు మొరాయించడం ఇందువల్లనే. పెద్ద గేరులో యాక్సిలరేటరు పెంచితే ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్లు గ్రహించాలి.

మరమ్మతుకు ఒక వరుస ఉన్నది. ముందుగా క్లచ్ తీగను చూడాలి. పిడి దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల వదులు లేకపోతే తీగ ఎల్లప్పుడూ లాగి ఉండి ప్లేట్లను పూర్తిగా కలవనీయదు. తీగను, గేరుపెట్టె వైపు ఉండే క్లచ్ కడ్డీ మరను సరిచేస్తే ఖర్చు లేకుండానే పని పూర్తి కావచ్చు. తరువాత నూనె: కార్ల కోసం తయారైన కొన్ని రకాల నూనెలలో రాపిడిని తగ్గించే పదార్థాలు ఉంటాయి, అవి నూనెలో మునిగి తిరిగే క్లచ్‌కు పనికిరావు. ఈ రెండూ బాగుంటేనే మూత విప్పాలి. రాపిడి ప్లేట్ల మందాన్ని, స్ప్రింగుల పొడవును కొలవాలి. ఉక్కు ప్లేట్లను అద్దం పలకపై పెట్టి వంపు చూడాలి. నీలిరంగు తేలితే అవి వేడికి కాలినట్లు. ప్లేట్లు మార్చి స్ప్రింగులు పాతవే ఉంచడం మనవైపు షెడ్డులలో తరచు జరిగే పొరపాటు. కొన్నాళ్ళకే బండి మళ్ళీ షెడ్డుకు వస్తుంది.

బస్సుల సంస్థ

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో నాయుడు తిరుప్పూరులో పత్తి వ్యాపారం చేసి ధనం గడించాడు. దానితో బొంబాయి వెళ్ళి, అక్కడి పత్తి వ్యాపారంలో అంతా పోగొట్టుకుని తిరిగి వచ్చాడు. 1920లో కోయంబత్తూరులోని ఆంగ్లేయ వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ సహాయంతో ఒక బస్సు కొని, పొళ్ళాచ్చి - పళని మధ్య స్వయంగా నడిపాడు. అదే యూనివర్సల్ మోటార్ సర్వీస్ (యు.ఎం.ఎస్.) గా పెరిగి, 1933 నాటికి సుమారు 280 బస్సుల సంస్థ అయినది. సమయపాలనకు, బస్సుల నిర్వహణకు ఈ సంస్థ పేరు పొందింది.

ఆవిష్కరణలు

పీలమేడులో నాయుడుకు చెందిన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుండి 1937లో విద్యుత్ మోటారు వెలువడింది. భారతదేశంలో తయారైన మొదటి మోటారుగా దీనిని పేర్కొంటారు. దీని రూపకల్పనలో డి.బాలసుందరం నాయుడు పాత్ర ముఖ్యమైనది. కోయంబత్తూరు తరువాత మోటార్లకు, పంపులకు దేశంలోనే ప్రధాన కేంద్రమైనది.

బ్యాటరీతో నడిచే రాసంట్ క్షవర యంత్రము, పలుచని బ్లేడ్లు, పండ్లరసం తీసే యంత్రము, కిరోసిన్ పంకా, మోసానికి వీలులేని ఓటింగు యంత్రము నాయుడు రూపొందించిన వాటిలో కొన్ని. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని 1941లో ప్రకటించాడు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును రెండు వేల రూపాయల ధరకు సిద్ధం చేశాడు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వనందున ఆ కారు తయారీ నిలిచిపోయింది. పన్నుల విధానానికి నిరసనగా, తాను తయారు చేసిన వస్తువులను తానే బహిరంగంగా పగులగొట్టించాడు. దీనిని విపరీత చేష్టగా భావించినవారు ఉన్నారు. ఒక్కొక్క రూపాయి దాచి తొలి యంత్రాన్ని కొన్నవాడు తన చేతిపనిని తానే పగులగొట్టాడంటే, అతని ఆవేదన ఎంతటిదో ఊహించవచ్చు.

వ్యవసాయంలోను ఇతడు ప్రయోగాలు చేశాడు. ఇతని తోటలోని పత్తి, బొప్పాయి మొక్కలను చూడడానికి సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటివారు వచ్చారు.

విద్యారంగము

1944లో నాయుడు వ్యాపార బాధ్యతల నుండి తప్పుకుని, పరిశోధక విద్యార్థులకు, కార్మికుల సంక్షేమానికి విరాళాలు ప్రకటించాడు. 1945లో అప్పటి మద్రాసు గవర్నరు పేరుతో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాలలు ఇతని పూనికతో ఏర్పడ్డాయి. ఆ కళాశాలే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. బడి మానేసిన నాయుడే దానికి ప్రిన్సిపాలుగా పనిచేశాడు.

ఇంజనీరింగు చదువుకు నాలుగేళ్ళు అక్కరలేదని, యంత్రాల మధ్యనే బోధిస్తే రెండేళ్ళు చాలునని ఇతని వాదము. ప్రభుత్వము దీనికి ఒప్పుకోలేదు. నాయుడు పదవికి రాజీనామా చేశాడు. గణితం, పదార్థ శాస్త్రం వంటివాటికి రెండేళ్ళు చాలవన్న అభ్యంతరంలో బలం లేకపోలేదు. కాని మరను చేత్తో పట్టకుండానే పట్టా పుచ్చుకోవడం గురించి అతడు లేవనెత్తిన ప్రశ్నకు సరైన సమాధానం ఆనాడు రాలేదు.

చివరి దశ

1967లో నాయుడు కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాలను నెలకొల్పాడు. 1974 జనవరి 4న మరణించాడు. ఇతని పేరుతో ఉన్న ధర్మసంస్థ ప్రదర్శనశాలలను నిర్వహిస్తోంది; 2015లో పాత కార్ల ప్రదర్శనశాల ప్రారంభమైనది. కోయంబత్తూరు అవినాశి రోడ్డుపై సుమారు 10 కిలోమీటర్ల పొడవున నిర్మించి, 2025 అక్టోబరులో ప్రారంభించిన వంతెనకు జి.డి.నాయుడు పేరు పెట్టారు.