వేడి లెక్క తేల్చిన హెస్

ఇంటర్‌లో సైన్సు తీసుకున్న వాళ్ళందరికీ తెలిసిన పేరు హెస్. పరీక్షలో స్థిరోష్ణ సంకలన నియమం రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఆ నియమం ఇచ్చిన మనిషి ఎవరో మాత్రం చాలామందికి తెలియదు.

జెర్మెయిన్ హెన్రీ హెస్ 1802లో జెనీవాలో జన్మించారు. తండ్రి చిత్రకారుడు. ఉపాధి కోసం ఆ కుటుంబం రష్యాకు వలస వెళ్ళేనాటికి హెస్‌కు మూడేళ్ళు. అక్కడే పెరిగి, దోర్పాత్ విశ్వవిద్యాలయంలో 1825లో వైద్య పట్టా పొందారు. మనసు మాత్రం రసాయన శాస్త్రం మీదే. స్టాక్‌హోమ్‌లో బెర్జీలియస్ దగ్గర కొద్దికాలం ఉండి వచ్చారు. సైబీరియాలోని ఇర్కూట్స్క్‌లో వైద్యుడిగా పనిచేస్తూనే అక్కడి ఖనిజాలను పరిశీలించారు. 1830లో సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరి రసాయన శాస్త్రానికే అంకితమయ్యారు. వలస వచ్చిన ఆయన రష్యన్ విద్యార్థులకు వారి భాషలోనే పాఠ్యపుస్తకం రాశారు.

సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటిలో కలిస్తే బాగా వేడి పుడుతుంది. హెస్ ఆ ఆమ్లాన్ని వేర్వేరు పాళ్ళలో పలుచన చేసి వేడిని కొలిచారు. తరువాత అమ్మోనియాతో తటస్థీకరించి మళ్ళీ కొలిచారు. మొదట ఎక్కువ వేడి వస్తే తరువాత తక్కువ వచ్చింది. మొత్తం మాత్రం మారలేదు. చర్య ఒకే దశలో జరిగినా, అనేక దశల్లో జరిగినా మొత్తం ఉష్ణం ఒక్కటేనని 1840లో ప్రకటించారు. మేయర్, జౌల్ శక్తి నిత్యత్వాన్ని వివరించడానికి ముందే ఆయన ఈ మాట చెప్పారు.

మన ల్యాబ్‌లోనే ఉదాహరణ ఉంది. తెల్లటి అనార్ద్ర కాపర్ సల్ఫేట్ నీటిలో కరిగితే మోల్‌కు సుమారు 66 కిలోజౌళ్ళ వేడి వెలువడుతుంది. నీలి మైలుతుత్తం కరిగితే సుమారు 12 కిలోజౌళ్ళను గ్రహిస్తుంది. ఎందుకంటే నీలి స్ఫటికంలో అయిదు నీటి అణువులు ముందే చేరి ఉన్నాయి. అవి చేరినప్పుడే ఆ వేడి బయటికి పోయింది. ఆ వేడిని నేరుగా కొలవడం కష్టం. హెస్ నియమంతో 66కు 12 కలిపితే 78 అని తేలిపోతుంది.

అనారోగ్యంతో 1850లో, 48 ఏళ్ళకే హెస్ మరణించారు. తన నియమానికి దక్కిన గౌరవాన్ని ఆయన చూడలేదు. థామ్సన్, బెర్తెలో వంటివారు ఆ బాటలోనే ఉష్ణరసాయన శాస్త్రాన్ని పెంచారు.

మిత్రులారా! చదువు కోసం ఊరు విడిచి వచ్చిన మనకు హెస్ జీవితం దగ్గరిదే. ఆయన దగ్గర ఉన్నవి ఓపిక, సరైన కొలత. ఈసారి ప్రాక్టికల్స్‌లో బీకరు వేడెక్కితే ముట్టుకుని ఊరుకోకండి. థర్మామీటరు పెట్టి అంకె రాసుకోండి.